పోలీసు పింఛనులో పాత సర్వీసు కొనుక్కోవాలా? కాల్‌పర్స్ లెక్క, మా నిర్ణయం

నమస్కారం. నా చేతిలో ఉన్న ఈ ఉత్తరం కాల్‌పర్స్ నుంచి వచ్చింది. కాలిఫోర్నియాలో ప్రభుత్వోద్యోగుల పింఛన్లు చూసే సంస్థ అది. మావారు ఇక్కడ ఒక నగర పోలీసు శాఖలో పనిచేస్తున్నారు. అంతకుముందు నాలుగేళ్లు అమెరికా సైన్యంలో ఉన్నారు. ఆ నాలుగేళ్లనూ పింఛను సర్వీసులో కలుపుకోవాలంటే ఎంత కట్టాలో ఇందులో రాశారు. ఆ అంకె చూడగానే నా గుండె జారింది. వారం పాటు రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం దీని ముందే కూర్చున్నాం.

మావారిది 50 ఏళ్లకు 3 శాతం సూత్రం. అంటే 50 ఏళ్లు నిండాక విరమిస్తే ఒక్కో ఏడాది సర్వీసుకు ఆఖరి జీతంలో 3 శాతం పింఛను. నాలుగేళ్లకు 12 శాతం. మాది పక్కన పెట్టి తేలిక అంకెలతో చెబుతాను. ఆఖరి జీతం నెలకు 8,000 డాలర్లయితే, నెలకు 960 డాలర్లు అదనంగా వస్తాయి. కొనుగోలు ధర 1,30,000 అనుకుంటే, అది తిరిగి చేతికి రావడానికి 11 ఏళ్ల పైమాటే. పైగా ఆ డబ్బు మన దగ్గరే ఉంటే ఎంతో కొంత పెరిగేది. కాల్‌పర్స్ తన పెట్టుబడులపై ఏటా 6.8 శాతం రాబడి అంచనా వేసుకుంటుంది. మన పొదుపు బ్యాంకులో అంతకన్నా తక్కువకు పడి ఉంటే, ఈ బేరం నాకు మంచిదే అనిపిస్తుంది.

కానీ మమ్మల్ని ఎక్కువసేపు ఆపింది ధర కాదు, 90 శాతం హద్దు. ఈ సూత్రంలో పింఛను ఆఖరి జీతంలో 90 శాతం దాటదు. 30 ఏళ్లు పనిచేస్తే ఎలాగూ అక్కడికి చేరతారు, అప్పుడు కొన్న నాలుగేళ్లూ వృథా. 25 ఏళ్లకే విరమిస్తే 75కు 12 కలిసి 87 అవుతుంది, ప్రతి డాలరూ పనికొస్తుంది. అందుకే మావారిని నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: ఎప్పుడు దిగిపోతారు? ఇన్నేళ్ల రాత్రి డ్యూటీల తర్వాత ఆయన తడుముకోకుండా "25" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

2013 జనవరి 1 నుంచి తొలిసారి చేరినవారిలో చాలామందికి 57 ఏళ్లకు 2.7 శాతం సూత్రం వర్తిస్తుంది. వారు లెక్క వేరుగా వేసుకోవాలి. ఏ సర్వీసూ చేయకుండానే ఐదేళ్ల వరకు కొనుక్కునే పాత సదుపాయం 2013 జనవరి 1తో ముగిసింది. దాని రద్దును రాష్ట్ర సుప్రీంకోర్టు 2019లో సమర్థించింది కూడా. దాని మీద ఆశ పెట్టుకోకండి. మధ్యలో ఉద్యోగం మానేసి తమ పింఛను చందాలు వెనక్కి తీసుకున్నవారు మాత్రం, వాటిని వడ్డీతో తిరిగి కట్టే దారిని ముందు చూడండి.

ఇంకో మాట, భార్యాభర్తలు ఇద్దరూ వినాలి. ఆయన తర్వాత ఆ పింఛనులో నాకెంత అందుతుందన్నది విరమణ సమయంలో ఎంచుకునే పద్ధతిని బట్టి మారుతుంది. నేను ఆ సంగతి ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాను. అడగడానికి మొహమాటపడకండి.

వాయిదాల్లో కడితే వడ్డీ పడుతుంది. జీతంలోంచి పన్నుకు ముందే కోయించుకునే ఏర్పాటుకు ఒకసారి ఒప్పుకుంటే వెనక్కి తీసుకోలేం. అందుకే మేము 457 అనే ప్రభుత్వోద్యోగుల విరమణ పొదుపు ఖాతా నుంచి నేరుగా బదిలీ చేయిస్తున్నాం. అలా చేస్తే బదిలీ సమయంలో పన్ను పడదు. దరఖాస్తు పదవీ విరమణకు ముందే చేరాలి. మా కాగితాలు నిన్ననే పంపించాం.