కాంగ్లోమరేట్, బ్రెక్షియా: రాయి అంచు చెప్పే ప్రయాణం

[దృశ్యం: ప్రకాశం బ్యారేజీ, తెల్లవారుజాము. కృష్ణ ఒడ్డున ఇసుకలోంచి ఒక చెయ్యి గులకరాయిని తీస్తుంది.]

నమస్కారం. ఈ గులకరాయి చూడండి, కోడిగుడ్డంత నున్నగా ఉంది. నా రెండో చేతిలో ఉన్నది 20 ఎంఎం కంకర. పక్క వీధిలో ఇల్లు కడుతుంటే అక్కడ అడిగి తెచ్చాను. గట్టిగా పట్టుకుంటే అరచేతికి గుచ్చుకుంటుంది. ఈ తేడా చేతికి తెలిస్తే చాలు, కాంగ్లోమరేట్‌కీ బ్రెక్షియాకీ మధ్య తేడా సగం తెలిసినట్టే.

[దృశ్యం: రెండు శిలల క్లోజప్, పక్కపక్కనే.]

రెండూ అవక్షేప శిలలే. పెద్ద రాతి ముక్కలు ఒకచోట పోగుపడతాయి. సందుల్లోకి ఇసుక, మట్టి దూరుతాయి. ఆ పైన నీటిలో కరిగి వచ్చిన ఖనిజం గట్టిపడి అన్నింటినీ అతికిస్తుంది. ముక్కలు గుండ్రంగా అరిగి ఉంటే అది కాంగ్లోమరేట్. అంచులు పదునుగా, కోణాలు కోణాలుగా ఉంటే బ్రెక్షియా. ముక్క కనీసం 2 మిల్లీమీటర్లు దాటాలి, అంతకంటే చిన్నదైతే ఇసుక కిందికి వస్తుంది. 256 మిల్లీమీటర్లు దాటితే బౌల్డర్ అంటారు. అమెరికా భూగర్భ శాస్త్రవేత్త వెంట్‌వర్త్ 1922లో ఇచ్చిన కొలతలనే ఇప్పటికీ వాడుతున్నారు.

పాత బెజవాడ ఇళ్లలో మొజాయిక్ నేల చూసే ఉంటారు. సిమెంటులో చలువరాతి పెంకులు పరిచి, పైన పాలిష్ పట్టేవారు. ఆ పెంకుల మూలలు ఎంత పదునుగా ఉంటాయో గుర్తుందా? కోసి పాలిష్ పట్టిన బ్రెక్షియా అచ్చం అలాగే కనిపిస్తుంది.

[దృశ్యం: నది మ్యాప్. మహాబలేశ్వర్ దగ్గర మొదలై బంగాళాఖాతం దాకా గీత కదులుతుంది.]

మరి అంచులు ఎందుకు అరుగుతాయి? ప్రయాణం వల్ల. కొండ నుంచి ఊడిన రాయి మొదట మూలలు మూలలుగానే ఉంటుంది. వరదలో దొర్లుతూ పక్క రాయికి కొట్టుకున్నప్పుడల్లా ముందు మూలే చితుకుతుంది, ఎందుకంటే బయటికి పొడుచుకొచ్చింది అదే. సున్నపురాయి మెత్తన కాబట్టి త్వరగా గుండ్రబడుతుంది. దాదాపు అంతా క్వార్ట్‌జ్ అనే గట్టి ఖనిజమే ఉండే క్వార్ట్‌జైట్ రాయి మొండిది, దానికి చాలా దూరం కావాలి. అందుకే కాంగ్లోమరేట్‌లో క్వార్ట్‌జ్ ముక్కలు కూడా నున్నగా ఉన్నాయంటే, ఆ రాళ్లు చాలా దెబ్బలు తిని వచ్చాయని అర్థం. దూరం లేకపోయినా సముద్రపు ఒడ్డున అలలు ఇదే పని చేస్తాయి, ఒకేచోట అటూ ఇటూ దొర్లించి.

[దృశ్యం: ఇంద్రకీలాద్రి వాలు, రాళ్లు పడకుండా కట్టిన ఇనుప వల.]

ఇప్పుడు కొండ దగ్గరికి వద్దాం. మన బెజవాడ కొండల్లో కనిపించే ఖోండలైట్, చార్నోకైట్ రూపాంతర శిలలు, అంటే భూమి లోతున వేడికీ ఒత్తిడికీ మారిపోయిన రాళ్లు. కాబట్టి ఈ కొండే కాంగ్లోమరేటో బ్రెక్షియానో కాదు. కానీ దాని అడుగున పడి ఉన్న రాళ్లను గమనించండి. ఎక్కడ విరిగాయో అక్కడే ఆగాయి, ఒక్క అంచూ అరగలేదు. 2024 ఆగస్టు 31న పెద్ద వానకు మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. ఆ వాలు కింద బతుకుతున్న వాళ్లను తలుచుకోకుండా ఈ పాఠం చెప్పడం నాకు సాధ్యం కాదు. అలా జారిపడిన రాళ్లకుప్ప కదలకుండా పూడిపోయి, లక్షల ఏళ్లలో అతుక్కుంటే అయ్యేది బ్రెక్షియానే.

బ్రెక్షియాకు ఇంకా దారులున్నాయి. సున్నపురాతి గుహ కప్పు కూలినా అది పుడుతుంది. భూమి పొరలు ఒకదాన్నొకటి ఒరుసుకుని నలిగినా, ఉల్క వచ్చి గుద్దినా పుడుతుంది, కానీ వాటిని అవక్షేప శిలల్లో లెక్కపెట్టరు. అపోలో యాత్రికులు చంద్రుడి నుంచి తెచ్చిన రాళ్లలో బ్రెక్షియాలు చాలా ఉన్నాయి. అరగదీయడానికి అక్కడ నది లేదు కదా!

ఒక జాగ్రత్త. గుండ్రంగా కనిపించిన ప్రతి బండా ప్రయాణం చేసిందనుకోవద్దు. గ్రానైట్ లాంటి రాళ్లు ఎండకూ వానకూ ఉల్లిపొరల్లా ఊడుతూ ఉన్నచోటే గుండ్రబడతాయి.

[దృశ్యం: శిలను సుత్తితో కొట్టడం, స్లో మోషన్.]

అతికించిన జిగురు సంగతి కూడా చూడాలి. క్వార్ట్‌జ్‌లో ఉండే సిలికా అయితే చాలా గట్టి. కొడితే పగులు గులకరాళ్లను చీల్చుకుంటూ పోతుంది. జిగురు బలహీనమైతే పగులు రాయి చుట్టూ తిరిగిపోయి, గులకరాయి గుంటలోంచి ఊడి వస్తుంది. సున్నపురాతిలో ఉండే కాల్‌సైట్ అయితే పలచని యాసిడ్ చుక్కకు నురగ వస్తుంది. ఎర్రగా ఉంటే ఇనుము.

[దృశ్యం: పాత గనుల గుంటల బొమ్మ. తర్వాత జలాశయం.]

నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. వజ్రం కింబర్లైట్ లాంటి లోతు శిలల్లో పైకి వస్తుంది. వాటిని వాన కడిగేస్తే వజ్రం నీటితో పాటు సాగుతుంది. నీటితో పోలిస్తే క్వార్ట్‌జ్ సాంద్రత 2.65 రెట్లు, వజ్రానిది 3.5 రెట్లు. బరువెక్కువ కాబట్టి ప్రవాహం నెమ్మదించిన చోట గులకరాళ్ల మధ్య అడుగుకు దిగిపోతుంది. అలా కోట్ల ఏళ్ల కిందట పోగై రాయిగా మారిన పొరే బనగానపల్లె కాంగ్లోమరేట్. నంద్యాల జిల్లాలో ఒకప్పుడు ఈ రాయిని పగలగొట్టి వజ్రాలు తీసేవారు.

మన కృష్ణ ఒడ్డున కొల్లూరులో మాత్రం ఇంకా రాయిగా మారని గులకల పొర నుంచే వజ్రాలు తీశారు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వచ్చి ఆ గనులు చూశాడు. కోహినూర్ అక్కడిదేనని చెబుతారు. అంటే ఆ పొర ఇంకా జిగురు పట్టని కాంగ్లోమరేట్ అన్నమాట. ఇప్పుడది పులిచింతల జలాశయం అడుగున ఉంది. ప్రతి వరదకూ దాని మీద ఇంకొంచెం ఒండ్రు దిగుతోంది.