కాస్తున్న బత్తాయి తోట చేతికొచ్చినప్పుడు

అందరికీ నమస్కారం. మన నల్గొండ జిల్లా గుర్రంపోడు, నాంపల్లి, కనగల్ వైపు నుంచి ఇంతమంది తమ్ముళ్లు, చెల్లెళ్లు రావడం చాలా సంతోషం. మీలో చాలామంది మొన్నటిదాకా హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినవాళ్లే. నాయనకు చాతగాక కొందరికి తోట చేతికొచ్చింది, ఇంకొందరు కౌలుకు పట్టారు. మొక్క నాటి తోట పెంచడం ఒక పని, కాస్తున్న తోటను అందుకోవడం ఇంకో పని. రెండోదాని గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

గట్టిగా చెప్పేది ఒక్కటే. మొదటి ఏడాది తోటకు అలవాటైన పద్ధతిని తెలుసుకోండి, మార్పుల జోలికి తొందరపడి పోకండి. కొత్తగా దిగినవాళ్లకు ఏదో ఒకటి చేయాలన్న ఆత్రం ఉంటుంది. గడ్డి కనబడగానే రోటవేటర్ పెట్టిస్తారు. బత్తాయికి నీళ్లు, ఎరువు అందించే సన్నవేర్లు చాలామటుకు పైన ఒకటి రెండు అడుగుల మట్టిలోనే ఉంటాయి. రోటవేటర్ తిరిగితే అవి తెగుతాయి, తెగిన చోటు నుంచే కుళ్లు లోపలికి పోతుంది. ఆ దెబ్బ చెట్టులో అప్పటికప్పుడు బయటపడదు. తర్వాత ఎప్పుడో ఆకులు పసుపెక్కి, ఒక పక్క కొమ్మలు ఎండుతూ, మిగతా చెట్టంతా విరగబూస్తుంది. గుత్తులు గుత్తులుగా చిన్న కాయలు పడతాయి. కాపు బాగుందని మురిసిపోతాం కానీ ఆ చెట్టు పోయే చెట్టు. ఇట్లాంటివి చూస్తే నాకు ఇప్పటికీ మనసు పాడవుతుంది. గడ్డిని బ్రష్ కట్టర్‌తో కోసి అక్కడే పరవండి, చాలు.

ఒక్క మార్పు మాత్రం ఆపొద్దు. రేపు పొద్దున్నే తోటకు పోయి డ్రిప్ పైపు ఎక్కడుందో చూడండి. మొక్క నాటిన ఏడాది కాండం దగ్గర వేసిన డ్రిప్పర్లు చాలా తోటల్లో ఇంకా అక్కడే ఉన్నాయి. చెట్టు గొడుగులా విచ్చుకుంది, వేర్లు ఆ గొడుగు అంచు దాకా పోయాయి, నీళ్లేమో కాండం మీద పడుతున్నాయి. పైపును రెండు వైపులా జరిపి, మధ్యాహ్నం నీడ అంచు ఎక్కడ పడుతుందో ఆ చుట్టుపక్కల తడిసేలా చూడండి. పాదుల్లో నీళ్లు పారించేవాళ్లు కాండం చుట్టూ ఇంకో చిన్న కట్ట పోసి, రెండు కట్టల మధ్యనే నీళ్లు పెట్టాలి.

కాండానికి నీళ్లు తగిలితే ఏమవుతుందో కూర్చుని చూడాలి. చెట్టు మొదట్లో మట్టి చేత్తో తీయండి. అంటు కట్టిన గుర్తు బయటికి కనబడాలి. ఏళ్ల తరబడి దున్ని మట్టి ఎగదోసిన తోటల్లో అది పూడిపోయి ఉంటుంది. బెరడు మీద తేనె రంగు బంక కారుతుంటే అది బంక తెగులు. పదునైన కత్తితో కుళ్లిన బెరడు గీకి, గీకిన ముక్కలు తోటలో వదలకుండా తీసుకుపోయి కాల్చి, గాయానికి బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు. ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపండి, ఇనుప గిన్నె వద్దు, ఆ రోజుకారోజు వాడేయండి. ఎండుపుల్లలు కోత అయిపోయాక తీసి, కోసిన చోట కూడా ఇదే పూయండి.

ఇక బెట్ట, అంటే పూత కోసం చెట్టుకు కొన్నాళ్లు నీళ్లు ఆపడం. కొత్తవాళ్లకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. జనవరి, ఫిబ్రవరిలో పూత కావాలంటే డిసెంబర్‌లో నీళ్లు ఆపాలి. ఎన్ని రోజులు అని అడుగుతారు. నేను లెక్క చెప్పను, మీ నేల చెబుతుంది. ఎర్రచెల్కలో త్వరగా ఆకు వాడుతుంది, నల్లరేగడిలో ఇంకా టైం పడుతుంది. ఆకు మెత్తబడి కొంచెం రాలడం మొదలైతే ఆపింది చాలు. అప్పుడు ఒక్కసారిగా మోటర్ వేసి ముంచకండి. మొదట తేలిక తడి, తర్వాత మెల్లగా పెంచండి. ఆ తర్వాత పూత, పిందె రాలుతుంటే హడలిపోవద్దు. బత్తాయి పూసినదాంట్లో నిలిచేది ఎప్పుడూ కొద్దే. ముసలి చెట్లు, జబ్బు చెట్లు, బోరులో నీళ్లు నమ్మకం లేని చోట బెట్ట జోలికే పోవద్దు. కరువు ఏళ్లలో ట్యాంకర్లతో నీళ్లు పోసి కాపాడిన తోటలు మన జిల్లాలో ఎన్నో ఉన్నాయి, వాటిని ఇంకా ఎండబెట్టకండి.

మందుల విషయం ఇవాళ ఎక్కువ చెప్పను. కాయ మీద మంగు (నల్లి వల్ల తొక్క రంగు మారడం) ఎక్కడ కనబడిందో, ఆకు ఎక్కడ చిన్నబోయిందో ఫోన్‌లో ఫొటో తీసి, ఆ కొమ్మతో సహా కొండమల్లేపల్లి ఉద్యాన పరిశోధన కేంద్రానికి గానీ కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ పట్టుకుపోండి. దుకాణంలో అడిగితే సీసా ఇస్తారు, జబ్బు పేరు చెప్పరు.

మీ తోటలో ఏళ్లుగా పనిచేసిన మనిషి ఉంటే, తోట చేతులు మారిందని ఆమెను మాన్పించకండి. ఏ వాల్వు ఏ చెట్లకు పోతుందో, ఏ వరుసలో వానాకాలం నీళ్లు నిలుస్తాయో, ఏ చెట్టు ఎప్పుడు ఎండి తీసేశారో ఆమెకే తెలుసు. ఒక నోట్‌బుక్ పట్టుకుని ఆమెతో కలిసి వరుస వెంట నడవండి. ఖాళీలకు గుర్తు పెట్టుకోండి. చెట్టు చచ్చిన గుంతలోనే వెంటనే కొత్త మొక్క పెట్టకండి. పాత వేర్లన్నీ ఏరి, గుంత ఎండాకాలమంతా ఎండనిచ్చి, మట్టి మార్చి పెట్టండి. మొక్క తెచ్చేటప్పుడు రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టిందేనా అని అడగండి, అంటు నేల నుంచి జానెడు ఎత్తులో ఉందో లేదో చూసి తీసుకోండి.