అత్త కార్డు మీద కోడలి బీడీలు

వేదిక మీది పెద్దలకు, ఆచార్యులకు, రేపు ఉదయం క్షేత్ర పర్యటనకు బయలుదేరబోతున్న పరిశోధక విద్యార్థులకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రులు చెప్పవలసినదానికంటే ఎక్కువే చెప్పారు కనుక నేరుగా విషయంలోకి వస్తాను. అసంఘటిత రంగ కార్మికులపై జరిగిన పరిశోధన గురించి, అందులోని పద్ధతుల గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ఈ భావన ఎలా పుట్టింది, మన దేశంలో లెక్కలు ఎలా తీస్తున్నారు, ఇళ్లలో కూర్చుని పనిచేసే స్త్రీలు ఆ లెక్కల్లో ఎక్కడున్నారు అని మూడు భాగాలుగా రాసుకుని వచ్చాను.

మొదటి భాగం మీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. కీత్ హార్ట్ అనే మానవశాస్త్రవేత్త ఘనా రాజధాని అక్రాలోని నీమా అనే పేదవాడలో ఉండి, ప్రభుత్వం దృష్టిలో ఉద్యోగం లేనివారు నిజానికి రోజంతా ఏదో ఒక పని చేసి సంపాదించుకుంటున్నారని గమనించారు. ఆయన 1971లో వాడిన 'ఇన్ఫార్మల్', అంటే అసంఘటిత, అన్న మాటను అంతర్జాతీయ కార్మిక సంస్థ 1972లో కెన్యాపై ఇచ్చిన నివేదికలో అందుకోవడంతో అది ప్రపంచమంతా పాకింది. మన దేశంలో జాన్ బ్రెమన్ అనే డచ్ సామాజిక శాస్త్రవేత్త దక్షిణ గుజరాత్ పల్లెల్లోనూ సూరత్ నగరంలోనూ దశాబ్దాల తరబడి తిరిగి, పొట్ట చేతపట్టుకుని ఊళ్లు తిరిగే కూలీల జీవితాన్ని గ్రంథస్థం చేశారు. అర్జున్ సేన్‌గుప్తా అధ్యక్షతన అసంఘటిత రంగ సంస్థలపై 2004లో ఏర్పడిన జాతీయ కమిషన్ 2007 నాటి నివేదికలో, దేశ జనాభాలో 77 శాతం మంది, అంటే 83.6 కోట్ల మంది, రోజుకు సగటున 20 రూపాయలకు మించి ఖర్చు చేయలేని స్థితిలో ఉన్నారని చెప్పింది. ఆ 20 రూపాయల మాట అందరికీ గుర్తుండిపోయింది. అదే నివేదిక ఇళ్లలో ఉండి ఇతరుల కోసం పనిచేసేవారిని గురించి రాసిన పేజీలు మాత్రం ఎవరికీ గుర్తులేవు.

ఇక రెండో భాగం, లెక్కల సంగతి. జాతీయ నమూనా సర్వేల ఫారాల్లో ప్రతి మనిషి చేసే పనికీ ఒక కోడ్ ఉంటుంది. సొంతంగా పని చేసుకునేవారికి 11, కుటుంబం పనిలో కూలి లేకుండా సాయపడేవారికి 21, జీతగాళ్లకు 31. ఇంటి పనులు మాత్రమే చేసేవారికి 92. ఇంటి పనులతోపాటు కుటుంబం అవసరానికి కట్టెలు ఏరడం, కుట్టుకోవడం వంటివి చేసేవారికి 93. ఈ చివరి రెండు కోడ్లు పడినవారు శ్రామికశక్తి లెక్కలోకి రారు. మనం పత్రికల్లో చదివే, స్త్రీలు ఇంత శాతమే పనిచేస్తున్నారన్న వాక్యానికి మూలం ఎక్కడో ఒక ఇంటి అరుగు మీద ఎవరో ఒక పరిశీలకుడు వేసిన ఈ రెండంకెల గుర్తు. ఆ గుర్తు ఒకసారి తప్పుగా వేసిన మనిషిని నేను కనుక, ఇక్కడ ఆగి అది చెప్పవలసి ఉంది.

1998లో నేను ఒక సర్వేలో క్షేత్ర పరిశీలకురాలిగా పనిచేశాను. మా ఫారంలోనూ ఇవే కోడ్లు ఉండేవి. అప్పటి కరీంనగర్ జిల్లాలో, ఈనాటి జగిత్యాల ప్రాంతంలోని ఒక ఊళ్లో, ఒక ఇంటి వసారాలో దాదాపు రెండు గంటలు కూర్చున్నాను. ఇంటి యజమాని దుబాయిలో ఉన్నాడు. అత్త నా ఎదుట కూర్చుని జవాబులు చెబుతోంది. గోడ పక్కన, ఇరవై ఏళ్లు కూడా నిండని కోడలు ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమె కాలి బొటనవేలికి కట్టుకున్న తాడుతో తొట్టెలలోని బిడ్డను ఊపుతోంది. నానబెట్టిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, కత్తెర చప్పుడు ఆ రెండు గంటలూ నా చుట్టూ ఉన్నాయి. "మీ కోడలు ఏం పని చేస్తుంది?" అని అత్తనే అడిగాను. "నా కోడలా? ఏం చేస్తది బిడ్డా, ఇంట్లనే ఉంటది" అంది. నేను 92 వేశాను.

లేచి చెప్పులు వేసుకుంటుంటే ఆ అమ్మాయి మొదటిసారి తలెత్తి, "అక్కా, నా బీడీలు గూడ రాసుకున్నరా?" అని అడిగింది. "రాసుకున్నాను" అన్నాను. అది అబద్ధం. ఆ రాత్రి బసలో ఫారం దిద్దుదామని తీస్తే, జవాబు చెప్పినవారు చెప్పిందే రాయాలని, కట్ట కట్టిన ఫారాలు విప్పకూడదని పైవారు అన్నారు. నేను వాదించలేదు. మరునాడు మరో ఊరికి వెళ్లాం. నేను ఇంతకాలం ఈ రంగంలో ఉండడానికి కారణం పట్టుదల అని పరిచయంలో చెప్పారు. అసలు కారణం ఆ ఫారం.

అత్త అబద్ధం చెప్పిందని మీరు అనుకోకూడదు. ఆమె మాటకు ఆధారం ఆ ఇంట్లోనే, గూట్లో ఉన్న కార్డులో ఉంది. కంపెనీ కార్డు అత్త పేరు మీద ఉంది. కంపెనీ తరఫు కాంట్రాక్టరైన టేకేదారు ఆకు, తంబాకు తూచి ఇచ్చేది ఆ కార్డు మీదే, బీడీలు లెక్కగట్టి తీసుకునేదీ ఆ కార్డు మీదే. పెళ్లై వచ్చిన కోడలు చుట్టినవన్నీ అత్త చుట్టినట్టే పుస్తకంలోకి ఎక్కుతాయి. ఉత్తర తెలంగాణలో అమ్మాయికి బీడీలు చుట్టడం వస్తుందా అని సంబంధం మాట్లాడేటప్పుడే అడిగే రోజులు అవి. అంటే, పెళ్లి చూపుల్లో ఆ పని లెక్కకు వచ్చింది, అత్తవారింట్లో రోజూ లెక్కకు వచ్చింది, మా ఫారంలో మాత్రం రాలేదు.

ఈ పని ఎంతటిదో విద్యార్థులకు తెలియాలి. రాత్రి ఆకు తడిపి తడిగుడ్డలో చుట్టి పెట్టాలి. పొద్దున్నే వంట, నీళ్లు అయ్యాక కొలత ప్రకారం ఒక్కొక్క ఆకునూ కత్తిరించాలి. తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. 25 బీడీలు ఒక కట్ట, 40 కట్టలు ఒక వెయ్యి. కూలి వెయ్యికి ఇంత అని. ఇచ్చిన ఆకులో చిల్లులున్నవి, పండినవి తీసేస్తే వెయ్యికి సరిపోదు కనుక మిగతా ఆకు ఆమె తన డబ్బుతో కొనాలి. బాగాలేవని టేకేదారు పక్కన పడేసిన బీడీలకు కూలి లేదు, వాటిని తిరిగి ఇవ్వడమూ లేదు. నెలలో ఎన్ని రోజులు పని ఇచ్చేదీ కంపెనీ ఇష్టం. మెడలు, నడుములు పట్టేస్తాయి, దగ్గు వదలదు. ఆకు ఆమెది కాదు, తంబాకు ఆమెది కాదు, ధర ఆమె చెప్పేది కాదు. అలాంటి మనిషిని 92 అని ఇంటి పనిలో కలపడమైనా, 11 అని సొంత వ్యాపారిలా చూపడమైనా నాకు సమానమైన తప్పుగానే కనిపిస్తాయి. ఆమె కూలి మనిషి, కాకపోతే కార్ఖానా ఆమె ఒడిలో ఉంది.

చట్టానికి ఈ విషయం మనకంటే ముందే తెలుసు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం, యజమాని లేదా కాంట్రాక్టరు ఇచ్చిన సరుకుతో ఇంటి దగ్గర బీడీలు చుట్టే వ్యక్తిని కూడా ఉద్యోగి నిర్వచనంలో చేర్చింది. ఇంటి వద్ద చుట్టేవారికీ పీఎఫ్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. ఆ తీర్పు వచ్చిన పదమూడేళ్ల తరువాత, చదువుకున్న నేను, చాట ఎదురుగా కూర్చుని ఆమెకు పని లేదని రాశాను.

మన గడ్డ మీదే జరిగిన ఒక మంచి పరిశోధనను ఇక్కడ తలుచుకోవాలి. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీల గురించి మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త చేసిన అధ్యయనం 1982లో వెలువడింది. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన ఆ పని ఆమె వెళ్లేనాటికి విదేశాలకు ఎగుమతయ్యే పరిశ్రమ. వేర్వేరు స్త్రీలు అల్లిన ముక్కలను కలిపి కుట్టే అతుకుపని ఒకరిది, దారం ఇచ్చి సరుకు తీసుకుపోయే మధ్యవర్తి మరొకరు, ఎగుమతిదారు ఇంకొకరు. ఇంటి చాకిరీ అంతా చేస్తూనే రోజుకు ఆరేడు గంటలు అల్లే ఆ స్త్రీలను ఊరూ ఎగుమతిదారూ ప్రభుత్వమూ గృహిణులనే అన్నారు. తీరిక వేళల్లో చేసుకునే పని అన్న పేరు వల్లే కూలి అంత తక్కువగా ఉంచగలిగారని మీస్ చూపారు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఊరి పేరుకు దక్కిన ఆ గౌరవం అల్లిన చేతుల కూలి దాకా చేరిందా అన్నది ఈ గదిలో ఎవరైనా తీసుకోవలసిన పరిశోధన. దయచేసి తీసుకోండి.

మూడో భాగంలో ఇళ్లలో పనిచేసేవారిపై 1996లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒడంబడిక గురించి వివరంగా చెప్పాలనుకున్నాను. సమయం లేదు. భారతదేశం దానిని ఇంతవరకు ఆమోదించలేదని మాత్రం రాసుకోండి. మిగిలిన సమయాన్ని మళ్లీ ఆ ఇంటికే ఇస్తాను.

2014లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి ప్రకటించింది. పీఎఫ్ నమోదు దానికి ప్రమాణం. 2015లో నేను ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. అత్తకు భృతి వస్తోంది. చూపు తగ్గి ఆమె చుట్టడం మానేసి చాలా ఏళ్లైంది. ఆ కార్డు మీద చుడుతూ వచ్చిన కోడలికి ఏ కాగితమూ లేదు, భృతీ లేదు. నేను ఆనాడు చేసిన పని ఆమెకు చెప్పాను. "రాస్తే మాత్రం ఏమయితుండె అక్కా, కార్డు అత్త పేరు మీదనే ఉండె గద" అంది. ఆ మాట నిజమే. ఒక ఫారంలో ఒక అంకె దిద్దితే ఆమెకు పీఎఫ్ వచ్చేది కాదు. కానీ ఒకరి కార్డు మీద ఇద్దరు ముగ్గురు చుడుతున్నారన్న సంగతి వేల ఫారాల్లో పడి ఉంటే, కార్డు లేని స్త్రీలు ఎందరున్నారన్న లెక్క భృతి నియమాలు రాసేవారి బల్ల మీద ఉండేది. అలా రాయవలసిన వేలమందిలో నేను ఒకదాన్ని.

రేపు మీరు పట్టుకెళ్లే ప్రశ్నావళి ఇప్పుడు మీ సంచుల్లోనే ఉంది. తీసి చూడండి. ఏం పని చేస్తారు అన్న ప్రశ్న దగ్గర ఒక్క గీతే ఉంది. దానిని కొట్టేసి, నిన్న పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి దాకా ఏమేం చేశారని, సరుకు ఎవరిచ్చారని, కార్డు ఎవరి పేరు మీద ఉందని, ఆ కార్డు మీద ఇంకెవరు చుడుతున్నారని రాయడానికి చోటు చేసుకోండి. అత్తను అడిగిన తరువాత కోడలిని వేరుగా అడగండి. మీ మార్గదర్శకులు అభ్యంతరం చెబితే నా పేరు చెప్పండి.

2015లో ఆ ఇంటికి వెళ్లిన రోజు నేను ఫారం తీసుకువెళ్లలేదు, నోటుబుక్కులో రాశాను. రాసినది చదివి వినిపించమని ఆ కోడలు తన కూతురికి ఇచ్చింది. 1998లో తొట్టెలలో ఉన్న బిడ్డ ఆమె, అప్పటికి ఇంటర్ చదువుతోంది. ఆ పిల్ల నిలబడి, "బీడీలు చుట్టడం, రోజుకు ఎనిమిది వందలు, పద్దెనిమిదేళ్లు" అని చదివింది. తల్లి చాటలోంచి చేయి తీయకుండానే ఆపింది. "పద్దెనిమిది కాదు, ఇరవై ఒకటి రాయమను. పెండ్లికి ముందు మూడేండ్లు మా అవ్వగారింట్ల చుట్టిన" అంది. నేను ఆ అంకె కొట్టేసి 21 అని రాసి, మళ్లీ చదవమని ఆ పిల్లకే ఇచ్చాను.