అవధానంలో అడిగేవారి బాధ్యత

సభకు నమస్కారం.

అష్టావధానంలో అవధాని చుట్టూ, అంటే అడిగిన పద్యాలను అక్కడికక్కడే చెప్పే కవి చుట్టూ, ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటారు. వాళ్లు సభ తరఫున అడుగుతారు. పద్యం చెప్పేది అవధానే అయినా వస్తువు, ఛందస్సు, అడ్డంకి అన్నీ సభ ఇచ్చినవే. అందుకే అవధానం రక్తి కట్టలేదని ఎవరైనా అంటే, ముందుగా ఆ రోజు అడిగిన ప్రశ్నలు ఎలాంటివో చూడాలంటాను. పృచ్ఛకులుగా కూర్చోబోయేవారికీ, వారిని ఎంపిక చేసే నిర్వాహకులకూ పనికొచ్చే సంగతులే ఈ రోజు చెబుతాను.

నడక అందరికీ తెలిసిందే. నాలుగు ఆవృత్తాలు, అంటే నాలుగు చుట్లు. సమస్య (ఇచ్చిన పాదంతో పద్యం పూరించడం), దత్తపది (ఇచ్చిన మాటలు వచ్చేలా పద్యం చెప్పడం), వర్ణన, నిషిద్ధాక్షరి (అక్షరం అక్షరానికీ ఒక అక్షరాన్ని నిషేధించడం) చెప్పే పృచ్ఛకులకు ఒక్కో ఆవృత్తంలో ఒక్కో పాదం దక్కుతుంది. మధ్యమధ్య ఆశువు (అడిగిన వెంటనే పద్యం), గంటలు (కొట్టిన గంటలు లెక్కపెట్టడం), అప్రస్తుత ప్రసంగం (అవధాని ధ్యాస మళ్లించే ప్రశ్నలు). చివర ధారణ, అంటే చెప్పిన పద్యాలను గుర్తుంచుకుని అప్పజెప్పడం. అంశాల ఎంపిక సభను బట్టి కొంత మారుతుంది.

సమస్య దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎక్కువ పొరపాట్లు జరిగేది అక్కడే కాబట్టి. చాటువుగా ప్రచారంలో ఉన్న ‘కుంజర యూధంబు దోమ కుత్తుక జొచ్చెన్’ చూడండి. కంద పద్యానికి నాలుగో పాదం. గణాలు, అంటే గురులఘువుల కూర్పులు, సరిపోయాయి: భ, గగ, జ, భ, గగ. ఈ పాదంలో మూడో గణం జగణమో నలమో కావాలి, ‘బు దోమ’ జగణం. ‘కుం’కు ‘కు’తో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్య అక్షరంతో పొత్తు, కుదిరింది. ప్రాస, అంటే ప్రతి పాదంలోనూ కలవాల్సిన రెండో అక్షరం, బిందువుతో కూడిన జకారం. రంజన, భంజన, మంజుల, అంజన, సంజయ... మాటలకు కొదవ లేదు. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరడమేమిటని వినేవాడు ఉలిక్కిపడతాడు. పాండవులంతటివారు విరాటుడి కొలువులో చేరారనేసరికి ఆ అసంబద్ధతకు అర్థం వస్తుంది. మంచి సమస్యకు ఉండాల్సినవన్నీ ఇందులో ఉన్నాయి. విన్న వెంటనే అసంభవం అనిపించాలి, లోపల మాత్రం ఒక దారి తెరిచి ఉండాలి.

ఇప్పుడు ‘జ్యోత్స్న’తో మొదలయ్యే సమస్య ఇచ్చారనుకోండి. ఆ ప్రాసకు గబుక్కున గుర్తొచ్చేది ‘కృత్స్న’ ఒక్కటే. ఇంకా మూడు పాదాలు నింపాలి! అవధాని ఎలాగో పదాలు విరిచి గట్టెక్కవచ్చు, కానీ ఆ పద్యం సభకు అందదు. సమస్య ఇచ్చేవారు ఇంటి దగ్గర తామే ఒకసారి పూరించి చూసుకోవాలి. పూరణ రాకపోతే ఆ సమస్యను పక్కన పెట్టండి.

దత్తపదిలోనూ ఇంతే. కారు, లారీ, బస్సు వంటి మాటలిచ్చి మహాభారతార్థంలో చెప్పమనడం సభకు సరదా. ‘వారు పగవారు కారు’లో కారు ఒదిగిపోతుంది. ‘ఏల ఆ రీతి’ సంధిలో ‘ఏలారీతి’ అయితే లారీ వచ్చేస్తుంది. బస్సుకు అంత సులువుగా దారి దొరకదు. నభస్సు, అంభస్సు ఉన్నాయి గానీ వాటిలోది భకారం. కష్టమైన మాట ఒకటి ఇవ్వండి, తప్పులేదు. నాలుగూ అలాంటివే ఇస్తే ఆ పద్యంలో కవిత్వానికి చోటుండదు.

న్యస్తాక్షరి, అంటే ఫలానా స్థానంలో ఫలానా అక్షరం రావాలని, అడిగేవారు గురులఘువులు లెక్క చూసుకోవాలి. ఉత్పలమాలలో 7, 8, 9 స్థానాలు లఘువులు. తొమ్మిదో అక్షరం గురువైన ‘కా’ కావాలని అడిగితే అది తీరని కోరిక. ప్రశ్న వెనక్కి తీసుకోవలసి వస్తుంది, సభ చల్లబడుతుంది.

నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అవధాని మనసు చదవాలి. సరస్వతీ స్తుతిలో ‘శ్రీ’ అన్నారు. శ్రీవాణి అనబోతున్నారని ఊహించి వకారం నిషేధిస్తే ఆయన ‘శ్రీశారద’ వైపు తిరగవచ్చు. అప్పుడా శకారం ప్రాసై నాలుగు పాదాలకూ కట్టుబాటవుతుంది. రెండో అక్షరం దగ్గర పెట్టిన నిషేధానికి అంత బలముంది. ఊహించకుండా ప్రతిసారీ మకారమో రకారమో అనేస్తే ఆట ఉండదు. సభకు కూడా ఇది కంటికి కనబడాలి. బోర్డు మీద పై వరుసలో నిషేధించిన అక్షరం, కింది వరుసలో అవధాని వేసిన అక్షరం రాస్తూ పోండి. ఛందస్సు రానివారు కూడా ఆ రెండు వరుసలు చూసి ఉత్కంఠతో ముందుకు వంగుతారు.

తిరుపతి వేంకట కవులు సంస్థానాల్లో అవధానాలు చేసిన కాలంలో సభలో పండితులుండేవారు, యతి తప్పితే అక్కడే పట్టుకునేవారు. ఈనాటి సభ, హైదరాబాదులోనైనా అమెరికా తెలుగు సంఘంలోనైనా, ఎక్కువగా ఇష్టంతో వచ్చినవారిది. వారికి లోటు పద్యాన్ని విని పట్టుకోవడం దగ్గరే. కాబట్టి సభ నడిపే సంచాలకులు ప్రతి పాదాన్నీ రెండుసార్లు, పదం విడగొట్టి చదవాలి. సమస్యనూ దత్తపదులనూ అడిగిన తర్వాతే తెర మీద చూపాలి.

అప్రస్తుత ప్రసంగం గురించి గట్టిగా చెప్పాలి. అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడం ఆ పృచ్ఛకుడి ధర్మం, సభను ఆక్రమించడం కాదు. ప్రశ్న ఒక్క వాక్యం. అవధాని ఆలోచనలో పడిన క్షణం చూసి వేయాలి. పాదం పలుకుతుండగా అడ్డుపడితే పద్యం రాసుకునే లేఖకుడికీ సభకూ ఆ పాదం దక్కదు. ముందే మాట్లాడుకున్న ప్రశ్నజవాబులు సభకు ఇట్టే తెలిసిపోతాయి. గంట కొట్టేవారు ఒక్కో గంటకు కాగితం మీద ఒక్కో గీత పెట్టుకోవాలి, లెక్క తేడా వస్తే తీర్పు ఆ కాగితానిదే.

ధారణ సమయంలో పృచ్ఛకుల చేతిలో తమ పద్యం పూర్తి పాఠం ఉండాలి. అవధాని ఆగితే వెంటనే అందించకండి. ఆయన వెతుక్కుంటున్నారు, సభ కూడా ఆయనతో వెతుకుతోంది. ఆయనే అడిగితే మొదటి పదం మాత్రం అందించండి. చప్పట్లు పద్యం ముగిశాకే.

నిర్వాహకులకు ఒక్క మనవి. శాలువాలు, అతిథుల ప్రసంగాలు ఆలస్యమై చివరికి ధారణనే కుదించమని అవధానిని అడుగుతున్నారు. మూడు గంటలు ఓపిగ్గా కూర్చున్న సభ ఎదురుచూసింది దానికోసమే. ప్రసంగాలుంటే మొదటి ఆవృత్తానికి ముందే ముగించండి, ధారణకు అరగంట విడిగా కేటాయించండి.