అరబీ రావాలంటే ముందు సీరియల్ పెట్టండి

(మలికిపురం దగ్గర పంట కాలువ గట్టు. సాయంత్రం ఎండ.)

నమస్తే అండీ. ఒక మాట విని విని విసుగెత్తిపోయి ఈ వీడియో చేస్తున్నాను. గల్ఫ్ వెళ్లబోయేవాళ్లు ఎవరైనా "అరబీ ఎలా నేర్చుకోవాలి" అని అడిగితే చాలు, అందరి సలహా ఒకటే. "రోజూ న్యూస్ చూడు. సీరియళ్ల జోలికి పోకు, భాష పాడైపోతుంది, టైమ్ దండగ."

మా వీధిలో ఒక అమ్మాయికి కువైట్ వీసా వచ్చింది, ఇంటి పనికి. తను చేరిన శిక్షణ క్లాసులోనూ ఇదే చెప్పారు. రెండు వారాలు రోజూ గంటసేపు ఫోన్లో అల్ జజీరా అనే అరబీ న్యూస్ ఛానల్ పెట్టుకుని కూర్చుంది. ఒక్క ముక్క ఎక్కలేదు. "నాకు బుర్ర లేదేమో అన్నా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ పిల్లకి బుర్ర బోలెడుందండీ. దింపిన చోటే తప్పు.

మన కోనసీమ పిల్లలు ఈత ఎక్కడ నేర్చుకుంటారు? ఇదిగో, ఈ కాలువలో. ధవళేశ్వరంలో వదిలిన నీళ్లు లంకల గన్నవరం అక్విడెక్టు, అంటే కాలువ వంతెన మీదుగా, గోదావరి పాయ వైనతేయ దాటి ఇక్కడికి వస్తాయి. డొక్క తీయని ఎండు కొబ్బరికాయలు రెండు తాడుతో కట్టి, ఆ తాడు పొట్ట కింద వేసుకుని నేనూ ఇక్కడే కాళ్లు కొట్టాను. నీళ్లు నెమ్మదిగా పోతాయి. గట్టు చేతికందేంత దూరంలో ఉంటుంది. ఏ పిల్లాణ్నయినా తీసుకెళ్లి ఆగస్టు వరదలో గోదాట్లోకి తోసి "ఈదరా" అంటామా?

సీరియల్ ఈ పంట కాలువ. న్యూస్ వరద గోదావరి. ఈ పోలిక గుర్తుంచుకోండి, ఇంకా వాడతాను.

అసలు సంగతేమిటంటే, అరబీలో రెండు అరబీలున్నాయి. ఫుస్‌హా అని పుస్తకాల అరబీ ఒకటి. వార్తలు, ప్రసంగాలు, పాఠాలు అందులో ఉంటాయి. ఇళ్లలో, కొట్లలో మాట్లాడేది వేరే, దాన్ని ఆమ్మియ్యా అంటారు. మనకి గ్రాంథికం, వాడుక భాష ఉన్నట్టే, కాకపోతే అక్కడ ఎడం ఇంకా ఎక్కువ. రాజోలు బస్టాండులో మిమ్మల్నెవరైనా "మీరెచ్చటికి పోవుచున్నారు" అని అడిగారా ఎప్పుడైనా? న్యూస్ చూసి కువైట్ ఇంట్లో అడుగుపెట్టడం అలాగే ఉంటుంది.

చూడండి. "ఎలా ఉన్నావు" అనడానికి పుస్తకంలో "కైఫ హాలుక". కువైట్ ఇంట్లో "ష్లోనక్". అదే ఆడవాళ్లనైతే "ష్లోనిచ్". "ఇప్పుడు" అంటే పుస్తకంలో "అల్‌ఆన్", ఇంట్లో "అల్‌హీన్". ఇంక వంటింట్లోకి వద్దాం, మనవాళ్ల పని అక్కడే కదా. పుస్తకంలో కోడి "దజాజ్". మామ నోట్లో అది "దియాయ్". (ఇక్కడ మామ అంటే మన మేనమామ కాదు, ఇంటి యజమానురాలు. అక్కడ పనిచేసినవాళ్లందరికీ తెలుసు.) చేప పుస్తకంలో "సమక్", ఇంట్లో "సిమచ్". కాఫీ "కహ్వా" కాదు, "గహ్వా". చాలా మాటల్లో జ పోయి య వస్తుంది, క పోయి చ వస్తుంది. మనకి చ పుట్టుకతోనే ఉంది కాబట్టి నోరు తిప్పడం తేలికే. వినడమే అలవాటు కావాలి. ఫ్రిజ్ తీసి "దియాయ్" అంటే ఏం తెమ్మంటోందో తెలియక నిలబడిపోయినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

మా పిన్ని కువైట్‌లో పదకొండేళ్లు చేసింది. అక్షరం ముక్క రాదు, అరబీలోనూ తెలుగులోనూ. కానీ అరబీ గడగడా మాట్లాడేది. ఎలాగే పిన్నీ అని అడిగితే ఈ సంగతి చెప్పింది.

వెళ్లిన మొదటి రంజాన్. సాయంత్రం ఉపవాసం విడిచాక మామ సీరియల్ పెట్టుకుని కూర్చునేది. పిన్ని వెనకాల చాప మీద బట్టలు మడతపెడుతూ చూసేది. ఒక కూతురు చడీచప్పుడు లేకుండా చెప్పులేసుకుంటోంది. గుమ్మం దాటేలోగా తల్లి వచ్చి అరిచింది: "వేన్ రాయ్‌హా?" ఆ పిల్ల బిక్కచచ్చిపోయి నిలబడింది. మర్నాడు కూడా అదే గుమ్మం, అదే తల్లి, అదే అరుపు. మూడోరోజు పొద్దున్న పిన్ని చెత్త సంచి పట్టుకుని వెనక తలుపు తీస్తుంటే మామ హాల్లోంచి కేకేసింది: "వేన్ రాయ్‌హా?" ఎక్కడికి వెళ్తున్నావని. పిన్ని సంచి ఎత్తి చూపించింది. "అప్పుడు తెలిసిందిరా అబ్బాయ్, నాకు అరబీ వచ్చేత్తందని" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ మొహం వెలిగిపోతుంది.

ఆవిడకి ఎవరూ పాఠం చెప్పలేదు, కథే చెప్పింది. నాసిరకం అని మనం ఈసడించే ఆ కథే. నేను ఈ వీడియో చేసేది ఈ ఒక్క ముక్క చెప్పడానికే. సీరియల్లో ఏం జరగబోతోందో మనకి ముందే తెలుసు. అత్త సాధిస్తుంది. కోడలు ఏడుస్తుంది. ఆస్తి కాగితాలు మాయమవుతాయి. భాష రాకపోయినా కథ వస్తుంది కాబట్టి, ఆ మాటకి అర్థం దానంతటదే వచ్చి అతుక్కుంటుంది. మంచి సినిమా అలా కాదు, మనం ఊహించనిదే జరుగుతుంది. పైగా సీరియల్లో అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. రంజాన్ సీరియల్ అంటే మామూలుగా 30 రోజులకి 30 ఎపిసోడ్లు. అదే ఇల్లు, అవే మనుషులు, అదే గొడవ. తెలుగులో చూస్తే సాగదీత అని తిట్టుకుంటాం. నేర్చుకునేవాడికి ఆ సాగదీతే వరం.

స్టీఫెన్ క్రాషెన్ అని అమెరికా భాషావేత్త 1980ల మొదట్లోనే ఈ మాట గట్టిగా చెప్పారు. అర్థమయ్యే మాటలు వింటేనే భాష వస్తుంది, మనకి వచ్చినదానికంటే కాస్త పైన ఉంటే చాలు అని. ఇంకోటి, టెన్షన్‌తో వింటే మధ్యలో ఒక తెర పడిపోతుంది, విన్నది లోపలికి దిగదు అని. ఆ అమ్మాయి అల్ జజీరా ముందు నోట్‌బుక్ పట్టుకుని చెమటలు కక్కిందే, అదే ఆ తెర. పాల్ నేషన్ అని ఇంకో భాషా పరిశోధకుడు, ఆయనతో పనిచేసినవాళ్లు 2000లో ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లతో కథ చదివించి చూశారు. ఎవరి సాయం లేకుండా సరిగ్గా అర్థం కావాలంటే నూటికి 98 మాటలు తెలిసుండాలని తేలింది. న్యూస్‌లో మీకెన్ని తెలుస్తాయి?

ఇప్పుడు కొబ్బరికాయల సంగతి. రెండు కాయలన్నాను కదా. ఒకటి సబ్‌టైటిల్స్, రెండోది కథ. మొదట రెండూ ఉంచుకోండి, సిగ్గుపడక్కర్లేదు. మేం కాస్త తేలడం రాగానే ఒక కాయ తీసేసేవాళ్లం. అప్పుడు ఒళ్లు ఒక పక్కకి ఒరిగిపోతుంది, నాలుగు గుక్కలు నీళ్లు తాగుతాం, కానీ కాళ్లు గట్టిగా పనిచేసేది అప్పుడే. అలాగే చూసేసిన ఎపిసోడ్‌నే సబ్‌టైటిల్స్ తీసేసి మళ్లీ పెట్టండి. కథ కాయ ఇంకా పొట్ట కిందే ఉంది, మునగరు.

వెలుతురు పోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఏ కాలువో చూసి దిగండి. కువైట్ వెళ్లేవాళ్లు కువైటీ సీరియలే చూడాలి. ఈజిప్టు సీరియల్ యాస వేరు. టర్కీ సీరియళ్లకి చాలావాటికి సిరియా యాసలో డబ్బింగ్ ఉంటుంది, అది ఇంకోటి.

తిట్లు వస్తాయి. అర్థం తెలుసుకోండి, మీరు మాత్రం అనకండి. ఎవరు ఎవరితో ఎలా మాట్లాడుతున్నారో కనిపెట్టండి. పెద్దవాళ్లతో పనిమనిషి మాట్లాడే తీరే మీకు కావలసింది.

చూస్తే సరిపోదు, పైకి అనాలి. 1985లో మెరిల్ స్వెయిన్ అనే భాషావేత్త కెనడా బడిపిల్లల మీద రాశారు. ఏళ్ల తరబడి ఫ్రెంచిలో పాఠాలు విన్నారు, బాగా అర్థమవుతుంది, మాట్లాడటంలో, రాయడంలో మాత్రం తప్పులు పోలేదు. గట్టు మీద కూర్చుని చూస్తే ఈత రాదు కదండీ. సీరియల్ ఆపి, ఆ మాట అదే కోపంతో, అదే ఏడుపుతో గట్టిగా అనండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

న్యూస్ వద్దని కాదు, ఆర్నెల్లు పోయాక చూడండి.

మొదట చెప్పిన మా వీధి అమ్మాయికి మూడు వారాల కిందట సీరియల్ పెట్టించాను. అదిగో, సైకిల్ మీద ఇటే వస్తోంది.

(అమ్మాయి కెమెరా పక్కనుంచి: "వేన్ రాయిహ్, అన్నా?")

విన్నారా? "రాయ్‌హా" అనలేదు, "రాయిహ్" అంది. మగవాణ్ని అడిగేటప్పుడు అలాగే అనాలి. ఆ తేడా తనకి నేను చెప్పలేదండీ.