ఏడింటి గేటు

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకి, వాకర్స్ మిత్రులకి నమస్కారం. కార్డులో నా అంశం ‘కరోనా, బరువు, వ్యాయామం’ అని వేశారు. దాని గురించే మాట్లాడతాను. కాస్త గేటు గురించి కూడా.

2020 మార్చి 22, ఆదివారం, జనతా కర్ఫ్యూ. ఒక్కరోజే కదా అని నా బూట్లు గుమ్మం పక్కనే ఉంచాను. 25 నుంచి లాక్‌డౌన్. 21 రోజులన్నది మే నెలాఖరుదాకా సాగింది. సరిగ్గా ఆవకాయ కాలం! వేడన్నం, ముద్దపప్పు, కొత్తావకాయ. మా ఆవిడ జాడీ మూత తీసేసరికి నేను కంచం ముందుండేవాణ్ణి. నవ్వకండి, మీ ఇళ్లలోనూ ఇదే కదా! పైగా పగలంతా లుంగీ. పొట్ట పెరిగినా లుంగీ చెప్పదండీ. జూన్‌లో బ్యాంకుకని ప్యాంటు వేస్తే హుక్కు అందలేదు. 68 కిలోలవాణ్ణి 74 అయ్యాను.

అన్నం తగ్గించి ఆర్నెల్లలో ఆ ఆరూ దించేశాను. ఊరంతా చెప్పుకున్నాను కూడా. కానీ నడక లేకుండా తిండి మాత్రం మానితే కొవ్వుతోపాటు కండా కరిగిపోతుంది. మా వయసులో పోయిన కండ ఓ పట్టాన రాదు. కాటా 68 అంటోంది, మెట్లెక్కితే మోకాళ్లు వణుకుతున్నాయి. డాక్టరుగారు కాటా సంగతి వదిలేసి టేపు తీశారు. మన మగవాళ్లకి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదట. నాది 97.

మళ్లీ నడవలేదేం అంటే, బద్ధకం అంటుంది మా ఆవిడ. కాదండీ. కరోనాకి ముందు పొద్దున్నే అయిదింటికి గ్రౌండు గేటు దగ్గర ముగ్గురు నాకోసం నిలబడేవారు. పది నిమిషాలు ఆలస్యమైతే ఫోన్ చేసి తిట్టేవారు. 2021 మేలో, రాష్ట్రమంతా మళ్లీ కర్ఫ్యూ పెట్టినప్పుడు, ఒకాయన పోయారు. ఇంకొకాయన కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్లిపోయారు. మూడో ఆయనా నేనూ గుడ్‌మార్నింగ్ బొమ్మలు పంపుకుంటున్నాం. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆ తిట్లున్నన్నాళ్లూ నేను నిమిషాలు లెక్కపెట్టలేదు.

ఇక గేటు. గుంపులు చేరకూడదని కరోనాలో గ్రౌండు ఏడింటికి తీయడం మొదలుపెట్టారు. కరోనా పోయింది, ఆ టైము పోలేదు. మే నెలలో ఏడింటికి ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? అమ్మా, మీరంతా బైపాస్ మీద లారీల పక్కన నడుస్తున్నారు, నేను చూస్తూనే ఉన్నాను. వాచ్‌మన్‌ని అడిగితే, “ఆర్డరు రాలేదు మాస్టారూ” అంటాడు. అతని తప్పేముంది!

టైమైపోయిందని చీటీ పంపారు. అయిదింటికే గేటు తీయాలని అర్జీ రాసి టీ బల్ల మీద పెట్టాను. పెన్నుకి దారం కూడా కట్టాను. ముందు సంతకం, ఆ తర్వాతే ఉప్మా.