తీర్పు చదవకముందే ‘ఎవరి జడ్జి?’ అని అడుగుతున్నాం

నమస్కారం. ఈ రోజు కోర్టుల గురించి మాట్లాడుకుందాం. ముందుగా ఒక పిజ్జా సంగతి చెప్పాలి.

2025లో అమెరికాలో చాలామంది జడ్జీల ఇళ్లకు పిజ్జాలు వచ్చాయి. ఎవరూ తెప్పించుకున్నవి కావు. వారిలో పలువురు ట్రంప్ ప్రభుత్వంపై వేసిన కేసులు వింటున్నవారు. కొన్ని ఆర్డర్ల మీద ఒక పేరుంది: డేనియల్ ఆండర్ల్.

ఎవరా డేనియల్? న్యూజెర్సీలో ఎస్తర్ సలాస్ అనే జడ్జికి ఒక్కగానొక్క కొడుకు. 2020 జులైలో డెలివరీ మనిషి వేషంలో ఒకడు వాళ్లింటికి వచ్చాడు. తలుపు దగ్గరికి వెళ్లిన ఆ 20 ఏళ్ల పిల్లవాణ్ణి కాల్చి చంపాడు. తండ్రిని తీవ్రంగా గాయపరిచాడు. ఆ హంతకుడు ఒకప్పుడు ఆమె కోర్టులోనే కేసు నడిపిన న్యాయవాది. చనిపోయిన ఆ బిడ్డ పేరుతో ఇప్పుడు మరో జడ్జి గుమ్మంలోకి పిజ్జా పంపడమంటే, నీ ఇల్లు మాకు తెలుసు, నీ పిల్లలకూ ఇదే గతి పడుతుంది అని చెప్పడమే. ఒక తల్లి కడుపుకోతను బెదిరింపు చీటీగా వాడుకున్నారు. నాకు ఇంతకంటే నీచమైన పని గుర్తుకు రావడం లేదు.

ఈ ద్వేషం ఒక పక్షానిదే అనుకోకండి. 2022 జూన్‌లో, సంప్రదాయవాదిగా పేరుపడ్డ సుప్రీంకోర్టు జడ్జి బ్రెట్ కావనా ఇంటి దగ్గర తుపాకీతో వచ్చిన వ్యక్తిని పోలీసులు పట్టుకున్నారు.

ఇక్కడిదాకా ఎలా వచ్చారు? అక్కడ సుప్రీంకోర్టు జడ్జిని అధ్యక్షుడు ప్రతిపాదిస్తే, చట్టసభలో ఎగువసభ అయిన సెనేట్ ఓటేసి ఆమోదించాలి. 1986లో కరడుగట్టిన సంప్రదాయవాది స్కాలియాకు 98 ఓట్లు వచ్చాయి, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. 1993లో ఉదారవాది గిన్స్‌బర్గ్‌కు 96 వచ్చాయి, వ్యతిరేకించినవారు ముగ్గురే. భావాలు నచ్చకపోయినా, మనిషికి అర్హత ఉందా అని చూసి ఓటేసేవారు.

2016లో స్కాలియా చనిపోయారు. ఆ ఖాళీకి డెమోక్రాట్ అధ్యక్షుడు ఒబామా మార్చిలో మెరిక్ గార్లండ్ పేరు ప్రతిపాదించారు. అధ్యక్ష ఎన్నికలకు ఇంకా దాదాపు 8 నెలలుంది. అయినా సెనేట్‌లో మెజారిటీ ఉన్న రిపబ్లికన్లు, ఎన్నికల ఏడాది కాబట్టి ప్రజలే తేల్చాలన్నారు. ఓటు మాట అటుంచి, కనీసం విచారణకైనా పిలవలేదు. ఆ ప్రతిపాదన 293 రోజులు అలాగే పడి ఉండి, చివరికి మురిగిపోయింది. సరే, నియమమే అనుకుందాం. 2020లో గిన్స్‌బర్గ్ పోయారు. ఎన్నికలు 8 రోజుల్లో ఉండగా అదే పార్టీ ఏమీ బారెట్‌ను 52-48తో గట్టెక్కించింది. డెమోక్రాట్ల ఓటు ఒక్కటీ పడలేదు. నాలుగేళ్ల క్రితం ప్రజలే తేల్చాలన్న ఆ మాట ఏమైపోయింది?

అలా కుర్చీ ఎక్కినవారి తీర్పును ఓడినవారు తీర్పుగా ఎందుకు తీసుకుంటారు? ఒబామా జడ్జి, ట్రంప్ జడ్జి అంటూ ఎవరూ లేరని 2018లో ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ స్వయంగా చెప్పాల్సి వచ్చింది. అయినా పత్రికలు మొదటి వాక్యంలోనే ‘ఫలానా అధ్యక్షుడు నియమించిన’ అని రాస్తున్నాయి. మనం అక్కడే చదవడం ఆపేస్తున్నాం.

ఇది మనకు దూరపు గొడవ కాదు. 2025 జనవరి 20న ట్రంప్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే, అక్కడ పుట్టే బిడ్డకు పౌరసత్వం రాదన్నారు. హెచ్1బీ మీద ఉన్న మన తెలుగు దంపతులు ఎందరో! నెలలు నిండుతున్నవాళ్లు వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నారు. మూడు రోజులకే సియాటిల్‌లో జాన్ కఫెనార్ అనే జడ్జి ఆ ఉత్తర్వును నిలిపివేశారు. ఇది రాజ్యాంగానికి పచ్చి విరుద్ధమని, నాలుగు దశాబ్దాలకు పైగా జడ్జిగా ఉన్నా ఇంత స్పష్టమైన కేసు మరొకటి గుర్తుకు రావడం లేదని అన్నారు.

ఆ తరువాత, కఫెనార్ తన భార్యను చంపేశాడంటూ ఎవరో పోలీసులకు తప్పుడు సమాచారమిచ్చారు. 80 దాటిన ఆ పెద్దమనిషి ఇంటి మీదికి ఆయుధాలతో పోలీసులు వచ్చేలా చేశారు.

ఇంతకీ ఆయన ఎవరి జడ్జి? 1981లో ఆయన్ను నియమించింది రీగన్. అంటే ట్రంప్ పార్టీ అధ్యక్షుడే. ఆ రోజు ఊపిరి పీల్చుకున్న మన కుటుంబాల్లో, మరుసటి వారం ఇంకో తీర్పు నచ్చక ‘ఆ జడ్జి వాళ్ల మనిషిలే’ అని ఫోనులో సందేశం పంపినవాళ్లు ఎందరున్నారో!